అనుమానం ఖరీదెంత? నాణేల గ్రేడింగ్‌కు డబ్బు పెట్టేముందు వేసుకోవాల్సిన లెక్క

నెల జీతంలో కొంత మిగిల్చి పాత నాణేలు కొనుక్కునేవాళ్లు, ఆదివారం అంగట్లో బట్ట పరిచి వాటిని అమ్ముకునేవాళ్లు, అమ్మమ్మ పెట్టెలో వెండి రూపాయిల మూట దొరికినవాళ్లు, అందరూ ఈమధ్య ఒకటే అడుగుతున్నారు: “దీన్ని గ్రేడింగ్‌కు పంపిస్తే మంచిదేనా?” పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసి, పైన అంకె ముద్రించిన నాణెం వేలంలో పెద్ద ధర పలికిందని ఫోన్‌లో చూస్తారు. అలాంటిదే తమ దగ్గరా ఉందనిపిస్తుంది. పంపడానికయ్యే ఖర్చు మాత్రం ఆ వీడియోలో ఎవరూ చెప్పరు.

నా జవాబు సూటిగా చెబుతాను. గ్రేడింగ్ వల్ల నాణెం ఏమాత్రం మెరుగుపడదు. కొనేవాడి మనసులోని అనుమానం తీరుతుంది, అంతే. ఆ అనుమానం వల్ల మీకు ఎంత ధర తగ్గుతోందో చూడండి. అది గ్రేడింగ్ ఖర్చు కన్నా ఎక్కువైతే పంపండి, తక్కువైతే ఆగండి. ఇక్కడ చెప్పబోయేదంతా ఆ లెక్క ఎలా వేయాలన్నదే.

డబ్బు కట్టాక జరిగేదేమిటి

నాణెం స్థితిని 1 నుంచి 70 వరకు అంకెలతో కొలిచే పద్ధతి అమెరికాలో పుట్టింది. అక్కడి తొలినాటి రాగి సెంట్ల మీద విలియం షెల్డన్ 1949లో ప్రచురించిన పుస్తకంలో దీన్ని ప్రతిపాదించాడు. అరిగిపోయి, ఏ నాణెమో మాత్రమే పోల్చుకోగలిగితే 1. ఏ లోపమూ కనపడకపోతే 70. తర్వాత ఈ కొలత అన్ని నాణేలకూ పాకింది. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్జీసీ అనే సంస్థలు అమెరికాలోనే మొదలయ్యాయి. అమ్మేవాడితోగానీ కొనేవాడితోగానీ సంబంధం లేని మూడో మనిషి నాణెం చూసి, అసలుదో కాదో తేల్చి, అంకె వేసి, పెట్టెలో పెట్టి సీలు చేసే పని ఈ సంస్థలది. ఆ పెట్టెనే నాణేలవాళ్లు స్లాబ్ అంటారు. దాని మీద ఒక నంబరు ఉంటుంది. సంస్థ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే వివరాలు వస్తాయి.

అంకెల్లో మనకు ముఖ్యమైనవి కొన్నే. 20 నుంచి 35 దాకా వీఎఫ్: చేతులు మారి అరిగినా బొమ్మ బాగానే ఉన్న నాణెం. 40, 45 ఎక్స్ఎఫ్: అరుగుదల తక్కువ. 50 నుంచి 58 దాకా ఏయూ: ఎత్తైన చోట్ల మాత్రం కాస్త రాపిడి. 60 నుంచి 70 దాకా ఎంఎస్: చెలామణిలో అరగని నాణెం. బజారులో యూఎన్‌సీ అనేది దీన్నే. ధర అమాంతం మారేది ఈ చివరి మెట్ల దగ్గరే. 58కీ 63కీ మధ్య తేడా మామూలు కంటికి అందదు, ధరలో మాత్రం బాగా కనపడుతుంది. గ్రేడింగ్‌కు గిరాకీ ఉన్నదీ అందుకే, ఆశపడి పంపినవాళ్లు నష్టపోతున్నదీ అక్కడే.

అంకె రాని ఫలితం ఒకటుంది. నాణెం అసలుదే అయినా ఎవరైనా తోమినా, గీకినా, కొక్కెం అతికించి తీసినా అంకె వేయరు. ‘డీటెయిల్స్’ అని రాసి, పక్కన కారణం రాసి, పెట్టెలో పెట్టి పంపిస్తారు. ఫీజు మాత్రం పూర్తిగా తీసుకుంటారు. మన ఇళ్లలోంచి వెళ్లే నాణేలు ఎక్కువగా పడేది ఈ గుంటలోనే. దీని సంగతి కింద వివరంగా చెబుతాను.

కొనేవాడికి ఉండే మూడు అనుమానాలు

మొదటిది, ఇది అసలుదేనా? రెండోది, అమ్మేవాడు చెప్పినంత బాగుందా? మూడోది, దీన్ని ఎవరైనా బాగుచేశారా? ఈ మూడింటికీ ఒకే బరువు ఉండదు. మీ నాణెం విషయంలో ఏ అనుమానం బరువైనదో ముందు తేల్చుకోండి.

అసలా నకిలీనా అన్న అనుమానానికి 1939 నాటి ఆరో జార్జి రూపాయి మంచి ఉదాహరణ. 1939 దాకా బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో వెయ్యికి 917 పాళ్లు వెండి. 1940 నుంచి వెండిని 500 పాళ్లకు తగ్గించారు. ఆ మార్పుకు ముందు, పాత పాళ్లతో పడిన 1939 రూపాయి చాలా అరుదు. అరుదు కాబట్టే దానికి నకిలీలు పుట్టాయి. 1938 నాణెం మీద చివరి అంకె దిద్దినవీ, పూర్తిగా కొత్తగా పోసినవీ తిరుగుతున్నాయి. అందువల్ల స్లాబ్ లేని 1939 రూపాయిని తెలిసిన కొనుగోలుదారు ఎవరూ పూర్తి ధరకు కొనరు. మీ నాణెం నిజమైనదే అయినా, నకిలీల వల్ల వచ్చిన తగ్గింపు మీరు భరించాల్సిందే. ఇలాంటి నాణేనికి గ్రేడింగ్ నూటికి నూరుపాళ్లూ పెట్టదగ్గ ఖర్చు. అంకె 45 వచ్చినా 58 వచ్చినా సరే, ‘అసలుది’ అన్న మాటకే డబ్బు గిట్టుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ 1862 విక్టోరియా రూపాయి. చాలా ఇళ్లలో ఉంటుంది, చూసినవాళ్లు ‘నూట అరవై ఏళ్ల నాణెం’ అని ఉప్పొంగిపోతారు. కానీ ఆ తేదీ వేసిన అచ్చులనే 1874 దాకా వాడారు. ఏ ఏడాదిదో గుర్తుపట్టడానికి బొమ్మలో చుక్కలు చేర్చారు. అన్నేళ్లపాటు పడిన నాణెం కాబట్టి ఇప్పటికీ విరివిగా దొరుకుతుంది. అరిగిన 1862 రూపాయిని అసలుదా కాదా అని కొనేవాడు పెద్దగా పట్టించుకోడు. కాటా మీద పెట్టి, వెండి ధర చూసుకుని, పైన కొంత ఇస్తాడు. తీర్చాల్సిన అనుమానమే లేనప్పుడు ఫీజు దేనికి? పాతదైనంత మాత్రాన అరుదు కాదు, అరుదైనంత మాత్రాన గిరాకీ ఉండదు. ఈ మూడూ కలిసిన చోటే గ్రేడింగ్‌కు అర్థం.

మధ్యలో నిలిచేవి మన నిజాం నాణేలు. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు చార్మినార్ రూపాయి తెలంగాణ ఇళ్లలో కనపడుతూనే ఉంటుంది. చార్మినార్ ద్వారంలో ఆయన పేరులోని మొదటి అక్షరం ‘ఐన్’ ఉంటుంది. అంతకుముందు మహబూబ్ అలీ ఖాన్ నాణేల్లో అదే చోట ‘మీమ్’ ఉంటుంది. ఉస్మాన్ అలీ ఖాన్ రూపాయిల్లోనే ఆ అక్షరం కురచగా ఉన్న రకం, పూర్తిగా ఉన్న రకం అని రెండున్నాయి. మామూలు రకం, అరిగినది అయితే గ్రేడింగ్ దండగ. తళతళ పోకుండా ఉన్నదో, అరుదైన సంవత్సరమో, అరుదైన రకమో అయితే అప్పుడు లెక్క వేయాలి. నిజాం బంగారు అష్రఫీ సంగతి వేరు. బంగారం కాబట్టి నకిలీకి ఆశ ఎక్కువ. తరుగు తీసి కరిగించడానికి ఇచ్చే ముందు నాణేలు తెలిసిన మనిషికి ఒక్కసారి చూపించండి.

అసలు లెక్క

గ్రేడింగ్ ఖర్చంటే ఒక్క ఫీజే కాదు. నాణేనికింత అని ఫీజు, మొత్తం ఆర్డరుకు ఒక నిర్వహణ చార్జీ, ఏజెంటు కమీషన్, వెళ్లేటప్పటి పంపక ఖర్చు, ఇన్సూరెన్స్, తిరిగొచ్చే ఖర్చు, విదేశం నుంచి వస్తే కస్టమ్స్ కాగితాలు. నాణెం విలువ ఎక్కువని మీరు ప్రకటించే కొద్దీ ఫీజు శ్రేణి పెరుగుతుంది. వీటన్నింటినీ కూడి, పంపే నాణేలతో భాగించి, ఒక్కో నాణేనికి ఎంత పడుతుందో కాగితం మీద రాసుకోండి. ఆ అంకె చేతిలో లేకుండా ముందుకు పోవద్దు.

ఇప్పుడు రెండు నాణేలు తీసుకుందాం. ఇవి లెక్క తెలియడానికి నేను వేసిన అంకెలు, బజారు ధరలు కావు.

మొదటి నాణేన్ని స్లాబ్ లేకుండా అమ్మితే రూ.4,000 వస్తుంది. పంపితే ఒక్కో నాణేనికి ఖర్చు రూ.3,000. ఫలితం మూడు రకాలుగా ఉండొచ్చు. బాగా వస్తే రూ.9,000 పలుకుతుంది, దానికి పదింట మూడు వంతుల అవకాశం. ఓ మోస్తరుగా వస్తే రూ.5,500, పదింట ఐదు. ‘డీటెయిల్స్’ అని వస్తే రూ.3,000, పదింట రెండు. అవకాశాల ప్రకారం కూడితే 2,700, 2,750, 600, మొత్తం రూ.6,050. ఖర్చు తీసేస్తే మిగిలేది రూ.3,050. పంపకుండా అమ్మితే రూ.4,000 వచ్చేది. అంటే పంపడం వల్ల సగటున రూ.950 పోతుంది. చారాణా కోడికి బారాణా మసాలా అని మనవాళ్లు అన్నది ఇలాంటి చోటే.

రెండో నాణెం నకిలీలు ఎక్కువగా తిరిగే రకం. స్లాబ్ లేకుండా రూ.25,000 కన్నా ఎవరూ ఇవ్వరు. ఖర్చు రూ.4,000. బాగా వస్తే రూ.60,000, పదింట రెండు. ఓ మోస్తరుగా వస్తే రూ.40,000, పదింట ఐదు. డీటెయిల్స్ వస్తే రూ.20,000, పదింట మూడు. కూడితే 12,000, 20,000, 6,000, మొత్తం రూ.38,000. ఖర్చు పోగా రూ.34,000. ఇక్కడ పంపడమే లాభం.

ఇంత లెక్క వేయడం బద్ధకమనిపిస్తే ఒక్క సూత్రం చాలు. మధ్య ఫలితాన్ని పట్టుకోండి. ఓ మోస్తరు అంకె వచ్చినా ఖర్చులు పోను ఇప్పటి ధర కన్నా మిగులుతుందా అని చూడండి. మిగిలితే పంపండి. అన్నింటికన్నా మంచి అంకె వస్తేనే మిగులుతుందంటే మీరు లాటరీ టికెట్టు కొంటున్నారన్నమాట. మొదటి నాణేనికి మధ్య ఫలితంలో మిగిలేది రూ.2,500, రెండో దానికి రూ.36,000. తేడా వెంటనే కనపడుతుంది.

ఈ లెక్కలో అందరూ పొరబడేది అవకాశాలు అంచనా వేసే దగ్గర. మన నాణెం మనకు ముద్దు. అందుకే మీరు మనసులో అనుకున్న అంకె కన్నా ఒక మెట్టు కిందికి దింపి లెక్క వేయండి. ధరలు కూడా అమ్మేవాళ్లు అడుగుతున్నవి కాదు, వేలంలో నిజంగా అమ్ముడైనవి చూడండి. ఒకరు ఒక లక్షకు అమ్మకానికి పెట్టారంటే దాని విలువ లక్ష అని కాదు. ఇన్నాళ్లయినా ఎవరూ కొనలేదని కూడా అర్థం కావచ్చు.

చింతపండు చేసే నష్టం

మన ఇళ్ల నాణేలకు ప్రత్యేకంగా రెండు గండాలున్నాయి.

ఒకటి తోమడం. పండగ వస్తే దేవుడి గదిలోని వెండి సామానుతో పాటు వెండి రూపాయిలనూ చింతపండుతోనో, విభూతితోనో, డబ్బాలో వచ్చే పొడితోనో తోమేస్తారు. లక్ష్మీపూజకు పసుపు కుంకుమ పెట్టి, మర్నాడు రుద్ది కడుగుతారు. శ్రద్ధతో చేసే పనే అది, తప్పని ఎవరూ అనలేరు. కానీ రుద్దినప్పుడు నాణెం పైపొర మీద సన్నని గీతలు పడతాయి. టంకశాలలో అచ్చు పడినప్పుడు లోహం మీద ఏర్పడిన సహజమైన మెరుపు చెరిగిపోతుంది, అది మళ్లీ రాదు. తోమిన నాణెం తెల్లగా తళతళలాడుతుంది కాబట్టి ఇంట్లోవాళ్లకు కొత్తదానిలా ఉంటుంది. గ్రేడింగ్ చేసేవాడికి మాత్రం దీపం కింద కాస్త వంచగానే ఆ గీతలు దొరికిపోతాయి. నల్లబడిన వెండి నాణెం నల్లగా ఉండడమే మేలు. ఏళ్ల తరబడి దానంతటది పట్టిన ఆ రంగుకు ఎక్కువ ధర పెట్టేవాళ్లూ ఉన్నారు.

రెండోది నగ. కాసుల పేరులో గుచ్చినవి, మెడలో పతకంగా వేసుకున్నవి, లంబాడీ ఆడవాళ్ల నగల్లో కుట్టినవి, వీటికి కొక్కెం అతికించిన ఆనవాలు అంచు మీద ఉంటుంది. కంసాలి ఎంత నైపుణ్యంగా తీసినా టంకం వేడి తగిలిన చోట లోహం రంగు మారుతుంది. ఇలాంటి వాటిని గ్రేడింగ్‌కు పంపితే డీటెయిల్స్ తప్ప మరొకటి రాదు. నగగా వాటికి ఉన్న విలువ వేరు, దాన్ని కాపాడుకోండి. అమ్మమ్మ కాసుల పేరు విప్పి నాణేలు అమ్మాలనుకునేవాళ్లకు నా మాట: దాన్ని పేరుగానే ఉంచండి.

మీ నాణెం తోమినదా కాదా మీరే చూసుకోవచ్చు. పదింతలు పెద్దదిగా చూపే చేతి భూతద్దం, మెడ వంగే ఒక బల్ల దీపం ఉంటే చాలు. గదిలో మిగతా లైట్లు ఆపేయండి. నాణేన్ని అంచులతో పట్టుకుని దీపం కింద నెమ్మదిగా వంచండి. మంచి నాణెం మీద వెలుగు ముక్కలుగా విడిపోకుండా చక్రంలా తిరుగుతుంది. తోమినదాని మీద అన్నీ ఒకే వైపు పోయే సన్నని గీతలు కనపడతాయి. తర్వాత ఎత్తైన చోట్లు చూడండి. ఐదో జార్జి రూపాయి అయితే కిరీటం, చెవి, గడ్డం. అక్కడ లోహం రంగు మిగతా చోటి కన్నా మసకగా ఉంటే అరుగుదల మొదలైనట్టే. ఇది ఎంఎస్ కాదు, మహా అయితే ఏయూ.

గ్రాములో రెండు దశాంశ స్థానాల దాకా తూచే చిన్న డిజిటల్ కాటా కూడా కొనుక్కోండి. బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి 11.66 గ్రాములకు చెప్పుకోదగ్గంత దూరంగా ఉంటే, అరుగుదల కారణం కానప్పుడు, అనుమానించాల్సిందే. అయస్కాంతానికి అంటుకుంటే అది వెండి కాదు. ఈ పరీక్షలు నెగ్గినంత మాత్రాన అసలుదని తేలదు గానీ, ఓడినదాన్ని పంపి ఫీజు పోగొట్టుకోవడం తప్పుతుంది. రాముడు, సీత, హనుమంతుడి బొమ్మలతో ఈస్టిండియా కంపెనీ 1818లో వేసిందని చెప్పి అమ్మే నాణేలను కూడా ఈ దశలోనే పక్కన పెట్టండి. కంపెనీ అలాంటి నాణేలు ఎన్నడూ వేయలేదు. దేవుడి బొమ్మగా ఇంట్లో ఉంచుకోవచ్చు, నాణెంగా దానికి ధర లేదు.

వందేళ్లు దాటితే చట్టం అడ్డు నిలుస్తుంది

ఇది అందరూ చదవాల్సిన భాగం. ఖర్చు సంగతి అటుంచి, కొన్ని నాణేలను విదేశానికి పంపే హక్కే మనకు లేదు.

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువు. కేంద్ర ప్రభుత్వమో, అది అధికారం ఇచ్చిన సంస్థో తప్ప మరెవరూ దాన్ని దేశం దాటించకూడదు. దాటిస్తే ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, దానిపై జరిమానా. పోస్టులో పంపినా కొరియర్‌లో పంపినా సూట్‌కేసులో పెట్టుకెళ్లినా చట్టానికి తేడా లేదు.

అందువల్ల 1862 విక్టోరియా రూపాయిని గానీ 1911 నాటి ఐదో జార్జి రూపాయిని గానీ అమెరికా ల్యాబుకు పంపడం కుదరదు. ఆ 1911 రూపాయి మీద రాజు అంగీలోని ఏనుగు పందిలా ఉందని అలజడి రేగి, మరుసటి ఏడాది బొమ్మ మార్చారు. అందుకే దానికి గిరాకీ ఎక్కువ, పంపాలన్న ఆశా ఎక్కువే. 1939 రూపాయికి ఇంకా వందేళ్లు నిండలేదు కాబట్టి ఈ అడ్డు లేదు. ప్రతి ఏడాదీ ఈ గీత ఒక ఏడాది ముందుకు జరుగుతుందని గుర్తుంచుకోండి.

నిజాం నాణేల మీద హిజ్రీ సంవత్సరం ఉంటుంది. దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే ఇంచుమించు మన సంవత్సరం వస్తుంది. 1343 అని ఉంటే అది 1924-25 ప్రాంతం. 1361 అయితే 1942. ముందు ఈ లెక్క చూసుకుని తర్వాతే పంపే మాట ఎత్తండి.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే మన పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు, “తాతయ్య, ఆ పాత రూపాయిలు ఇవ్వు, అక్కడ గ్రేడింగ్ చేయించి తెస్తా” అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ వాటిలో వందేళ్లు దాటినవి ఉంటే విమానాశ్రయంలో ఇబ్బంది పడేది వాళ్లే. ఇవ్వకండి. వాళ్లు అక్కడే కొనుక్కునే నాణేల సంగతి వేరు. వాటికి ఈ బాధ లేదు, పైన చెప్పిన లెక్కే వర్తిస్తుంది. ఉదాహరణకు 1921 నాటి మోర్గాన్ వెండి డాలర్ కోట్లలో పడింది. అరిగినదైతే వెండి ధరకు కొంచెం అటూ ఇటూ పలుకుతుంది, గ్రేడింగ్ అనవసరం. 1893లో శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలలో పడినవి లక్ష మాత్రమే. తేదీ పక్కన టంకశాల గుర్తు అతికించిన నకిలీలు దానికి ఉన్నాయి కాబట్టి స్లాబ్ లేకుండా కొననే కూడదు.

పొలంలో దున్నుతుంటేనో పునాది తవ్వుతుంటేనో దొరికిన నాణేలది మరో దారి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే జిల్లా కలెక్టరుకు తెలియజేయాలి. అలాంటివాటికి గ్రేడింగ్ ఆలోచనే వద్దు. ముందు తహసీల్దారు ఆఫీసుకు వెళ్లండి.

ఎవరి చేతికి ఇవ్వాలి

మనలో ఎక్కువమంది ఏజెంటు ద్వారానే పంపుతారు. అతన్ని అడగాల్సినవి ఇవి. నాణేన్ని ఏ దేశంలో, ఏ ఊళ్లో పరీక్షిస్తారు? వందేళ్లు దాటినవాటిని ఏం చేస్తారు? దారిలో పోతే నష్టపరిహారం ఎవరిది, ఎంత? మొత్తం ఖర్చు ఎంత, పన్నుతో కలిపేనా? తిరిగి రావడానికి ఎన్ని నెలలు? జవాబులు రాతలో తీసుకోండి, వాట్సాప్‌లో అయినా సరే. “అవన్నీ మేం చూసుకుంటాం లెండి” అనేవాడి చేతిలో నాణెం పెట్టకండి. చట్టం విషయంలో డొంకతిరుగుడుగా మాట్లాడితే అక్కడితో వచ్చేయండి, ఎందుకంటే నాణెం మీది, కేసూ మీదే.

ఇచ్చేముందు రెండు వైపులా, అంచూ స్పష్టంగా ఫోటో తీయండి, బరువు రాసుకోండి. నాణేన్ని మెత్తని పీవీసీ కవరులో పెట్టకండి. అది కొన్నాళ్లకు జిగురు వదిలి నాణెం మీద పచ్చని చిలుము పట్టిస్తుంది. గట్టి మైలార్ కవరో, అట్ట హోల్డరో వాడండి.

స్లాబ్‌లో ఉన్న నాణెం కొంటున్నా జాగ్రత్త తగ్గించకండి. నకిలీ స్లాబులు కూడా వస్తున్నాయి. నంబరును సంస్థ వెబ్‌సైట్‌లో చూసి, అక్కడ ఫోటో ఉంటే చేతిలోని నాణెంతో పోల్చండి. ఎవరూ పేరు వినని సంస్థ వేసిన అంకెకు కొనేవాడి అనుమానాన్ని తీర్చే శక్తి లేదు, కాబట్టి ఆ ఫీజు చవకైనా వృథానే.

పక్క ఆదాయంగా చేసేవాళ్లకు

ఉద్యోగం చేసుకుంటూ నాణేల కొనుగోలు అమ్మకాలు చేసేవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లకు గ్రేడింగ్ పెట్టుబడి. కాబట్టి పెట్టుబడి నియమాలే పాటించాలి.

మొదటిది, డబ్బు నెలల తరబడి ఇరుక్కుంటుంది. నాణెం ల్యాబులో ఉన్నన్నాళ్లూ అమ్మలేరు. అదే సొమ్ముతో ఈలోగా రెండుసార్లు కొని అమ్మగలిగితే ఆ లాభాన్ని కూడా గ్రేడింగ్ ఖర్చులో కలపండి. క్రెడిట్ కార్డు మీద గానీ వడ్డీకి తెచ్చి గానీ గ్రేడింగ్‌కు పంపవద్దు. వడ్డీ తేదీ తప్పదు, ల్యాబు తేదీ తప్పుతుంది.

రెండోది, ఏరడం. ఇరవై నాణేలు పంపాలనిపిస్తే పైన చెప్పిన పరీక్షలతో వడగట్టి నాలుగో ఐదో పంపండి. మీ కన్నా అనుభవం ఉన్న సేకర్తకు చూపించి, ఆయన వద్దన్నవి తీసేయండి. హైదరాబాద్, విజయవాడ, విశాఖలాంటి ఊళ్లలో జరిగే నాణేల ప్రదర్శనలకు వెళితే స్లాబ్‌లోని నాణేలు చేతిలోకి తీసుకుని చూడొచ్చు. 58 ఎలా ఉంటుందో, 62 ఎలా ఉంటుందో, 64 ఎలా ఉంటుందో పక్కపక్కన చూసినవాడి అంచనా పుస్తకం చదివినవాడి అంచనా కన్నా గట్టిది. ఈ కన్ను ఒకసారి ఏర్పడితే చాలా నాణేలకు ల్యాబు అవసరమే రాదు. నా దృష్టిలో గ్రేడింగ్ మీద పెట్టే డబ్బుకన్నా ఈ కన్ను సంపాదించడం మీద పెట్టే సమయానికి ఎక్కువ ఫలం.

మూడోది, ఒక నోటుపుస్తకం. నాణెం, కొన్న ధర, మీరు ఊహించిన అంకె, వచ్చిన అంకె, మొత్తం ఖర్చు, అమ్మిన ధర. కొన్ని విడతలయ్యాక తిరగేస్తే మీ ఊహ ఎంత ఎత్తున ఉంటుందో మీకే తెలుస్తుంది. తర్వాతి విడతలో అంత దించి లెక్క వేసుకోవచ్చు. పన్ను లెక్కలకూ ఆ పుస్తకమే ఆధారం.

అమ్మకం ఆలోచన లేనివాళ్లు కూడా కొందరు గ్రేడింగ్ చేయిస్తారు. అన్నదమ్ములు పంచుకోవడానికో, భద్రంగా ఉంటుందనో. పంపకాలకైతే ఒక నమ్మకమైన సేకర్తతో విలువ కట్టించుకుంటే చాలు. భద్రతకైతే మంచి హోల్డరు చాలు. మీ మనసుకు నచ్చిన ఒక్క నాణేన్ని ఆనందం కోసం స్లాబ్ చేయించుకోవడం మాత్రం మీ ఇష్టం. అప్పుడు దాన్ని ఖర్చుగా రాసుకోండి, పెట్టుబడిగా కాదు.

లక్షలిస్తామనే ఫోన్లు

గ్రేడింగ్ ఆశను వాడుకునే మోసం ఒకటి ఊరూరా తిరుగుతోంది. వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు, పది రూపాయల నాణేలకు లక్షలిస్తామంటారు. అవి 2012లో వేసిన స్మారక నాణేలు, చెలామణిలోకే విడుదలయ్యాయి. అలాంటి ధర వాటికి లేదు. ఫోటో పంపమంటారు, నచ్చిందంటారు, ఆపైన సర్టిఫికెట్ ఫీజనీ, జీఎస్టీ అనీ, రిజర్వు బ్యాంకు అనుమతి అనీ డబ్బు కట్టమంటారు. దీని మీద రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరిక జారీ చేసింది: పాత నోట్లు, నాణేల లావాదేవీలతో తమకు సంబంధం లేదని, ఎలాంటి రుసుము, కమీషన్ తాము అడగబోమని స్పష్టంగా చెప్పింది. కొనేవాడు డబ్బిస్తాడు, అడగడు. అడిగితే ఫోన్ పెట్టేయండి. కట్టేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేసి సైబర్ ఫిర్యాదు ఇవ్వండి.

వచ్చే ఆదివారం చేయాల్సిన పని

నాణేలన్నీ బల్ల మీద పరిచి మూడు కుప్పలు పెట్టండి. వందేళ్లు దాటినవి ఒక కుప్ప: వీటిని దేశం దాటించే మాట లేదు. అరిగినవి, తోమినవి, కొక్కెం ఆనవాలు ఉన్నవి, విరివిగా దొరికేవి రెండో కుప్ప: వీటికి ఫీజు కట్టవద్దు. మిగిలినవి మూడో కుప్ప. ఇందులో ఎక్కువ ఉండవు, ఒక్కటీ ఉండకపోవచ్చు కూడా. ఉన్న ఒక్కోదానికి ఇప్పుడొచ్చే ధర, మధ్య ఫలితంలో వచ్చే ధర, మొత్తం ఖర్చు మూడూ రాయండి. మిగులు కనపడితే పంపండి. కనపడకపోతే ఆ డబ్బుతో ఒక మంచి భూతద్దం, ఒక నాణేల పుస్తకం కొనుక్కోండి. కష్టపడి సంపాదించిన జీతం ఒక అంకె మీద ఆశకు కాక, మీకు పనికొచ్చే జ్ఞానానికి ఖర్చవుతుంది.